ఇంటి గోడలు: సున్నమా? రంగా? కాగితమా?



ఇంట పెండ్లి కుదిరినను, పట్నమునుండి కుమారుడు కాపురమునకు వచ్చుచున్నను, సంక్రాంతి సమీపించినను, మన యిండ్లలో మొదట జరుగు పని గోడలను బాగుచేయించుట. పూర్వము ఈ విషయమున ఆలోచింపవలసినది అంతగా లేకుండెను. సున్నము నానవేసి, చిటికెడు నీలిమందు కలిపి, కుంచె పట్టినచో రెండు దినములలో ఇల్లు తెల్లనై కళకళలాడెడిది. అరుగులకు జాజు, గడపలకు పసుపు, వాకిట ముగ్గు; దానితో అలంకారము ముగిసెడిది. నేడట్లు కాదు. సున్నము, డిస్టెంపరు, ఎమల్షను, ఎనామెలు అను పలువిధములైన పూతలకు తోడు, చుట్టలుగా చుట్టి విక్రయించు వాల్‌పేపరు కూడ చిన్న పట్టణముల అంగళ్లలోనికి వచ్చినది. నేను దీనిని గోడకాగితమని వ్యవహరింతును.

కావలెనని పిల్లలు, వలదని పెద్దలు వాదించుకొను ఇండ్లను నేనెరుగుదును. నా అభిప్రాయమున ఇది పాతకొత్తల తగవు కాదు. గోడయొక్క స్వభావమును తెలిసికొనినచో తగవు సగము తీరును. మిగిలిన సగము ఇంటివారి సరసతచే తీరును. కావున ముందుగా ఈ కాగితపు పుట్టుపూర్వములను, పిమ్మట మన గోడల గుణములను, తుదకు ఎన్నుకొను విధమును మనవి చేసెదను.

గోడకాగితము సీమసరకని మనము తలతుము. అది నిజమే. కాని దాని కథలో మన సముద్రతీరమునకు కూడ పాలు కలదు. డచ్చివారు 1605లోను, ఇంగ్లీషువారు 1611లోను మచిలీపట్టణమున వర్తకస్థానములను నెలకొల్పిరి. వారు కోరి కొనిపోయిన వస్తువులలో అద్దకపు బట్టలు ముఖ్యమైనవి. కరక్కాయ నీట ముంచి, పటికతో వ్రాసి, చిరివేరుతో ఎఱ్ఱరంగు తేల్చిన మన బట్టలు ఎన్నిసార్లు ఉతికినను వెలయకుండుట ఐరోపావారికి అద్భుతముగా తోచినది. వానినే మనవారు చీటిగుడ్డలనిరి. ఐరోపాలోని ధనికులు వానిని కట్టుకొనుటయే కాక, మంచములకు తెరలుగను, గదుల గోడలకు తొడుగులుగను వాడసాగిరి. లండను నగరమున నౌకాశాఖలో ఉద్యోగియైన సామ్యూల్ పీప్స్ అను నతడు తన భార్య చదువుకొను గదికి గోడలపై పరచుటకై ఇండియా అద్దకపు బట్టను కొనినట్లు 1663లో తన దినచర్యయందు వ్రాసికొనెను.

మన బట్టల మూలమున తమ నేతగాండ్రకు నష్టము కలుగుచున్నదని ఆ దేశములవారు తలచిరి. ఫ్రాన్సు ప్రభుత్వము 1686లో వానిని నిషేధించి, 1759 వరకు ఆ నిషేధమును నిలిపినది. ఇంగ్లండునందు కూడ 1700 సంవత్సరమున అట్టి చట్టమే వచ్చినది. కాని కంటికి నచ్చిన తీగలు, పూవులు చట్టములకు లొంగవు గదా! బట్టలపై నున్న ఆ పూలతీగలనే కాగితములపై అచ్చువేసి గోడల కంటించు పరిశ్రమ వృద్ధినొందెను. ఇంగ్లండు ప్రభుత్వము 1712లో గోడకాగితముపై పన్ను విధించి, 1836లో రద్దుచేసెను. అంతకాలము పన్ను రాబట్టుటను బట్టియే ఆ వ్యాపారము ఎంత పెరిగినదో ఊహింపవచ్చును. మొదట చిన్న చిన్న తావులను అతికి చుట్టలు చేసెడివారు. 1799లో లూయీ నికొలాస్ రాబర్టు అను ఫ్రెంచివాడు ఎడతెగని కాగితమును తీయు యంత్రమునకు హక్కుపత్రము పొందిన పిమ్మట, క్రమముగా కాగితము చౌకయై సామాన్యుల ఇండ్లకు ప్రాకినది.

ఈ కథలోనే మనము నేర్వదగిన హెచ్చరిక యొకటి కలదు. 1775లో షీలే అను రసాయనశాస్త్రజ్ఞుడు రాగిని, పాషాణమును కలిపి మిక్కిలి అందమైన ఆకుపచ్చ రంగును కనుగొనెను. పాషాణమనగా ఆర్సెనికు అను విషము. పందొమ్మిదవ శతాబ్దమున అట్టి పచ్చరంగులను గోడకాగితములకు విరివిగా వాడిరి. ఆ గదులలో నివసించువారు కొందరు కారణము తెలియక రోగపీడితులైరి. ఇటలీ దేశపు వైద్యుడు బార్టొలొమియో గోసియో 1890 ప్రాంతములందు పరిశోధించి, చెమ్మగిల్లిన కాగితముపై పెరుగు కొన్ని బూజులు ఆ రంగులోని విషమును వాయురూపమున వెలికి తీయగలవని చూపెను. నేటి కాగితములందు ఆ పచ్చరంగు లేదు. భయపడవలసిన పని లేదు. కాని రంగులోని విషము పోయినను, చెమ్మ పోలేదు, జిగురు పోలేదు, బూజు పోలేదు. చెమ్మగల గోడపై జిగురు పూసి కాగితము కప్పుట బూజునకు విందు పెట్టుటయే. అట్టి చెమ్మయు బూజును గల ఇండ్లలో ఉబ్బసము మొదలగు శ్వాసవ్యాధులు హెచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో వెలువరించిన మార్గదర్శకములలో స్పష్టముగా తెలిపినది.

ఇక మన గోడల సంగతి. గ్రామములలో నేడు మూడు తెగల గోడలు కానవచ్చును: మట్టి గోడలు, ఇటుకను గానుగ సున్నముతో కట్టిన పాత గోడలు, సిమెంటుతో కట్టిన క్రొత్త గోడలు. దీపపు వత్తి నూనెను పైకి లాగునట్లు ఈ గోడలన్నియు నేలలోని నీటిని కొంతమేరకు పైకి లాగును. మట్టి గోడయు, సున్నపు గోడయు ఆ నీటిని ఆవిరి రూపమున ఎప్పటికప్పుడు వెలుపలికి విడిచిపెట్టును. అందుచేతనే అవి రెండు తరములు, మూడు తరములు నిలిచినవి. అట్టి గోడపై ఆవిరి పోనీయని పూత వేసినచో నీరు లోపలనే నిలిచి, గోడను మెత్తబరచును. నీటితో వచ్చిన ఉప్పు పూతక్రింద తెల్లగా పొంగి, పెచ్చులు పెచ్చులుగా ఊడదీయును. ప్లాస్టికు పొరగల కాగితమును, నూనెరంగును, ఒక్కొక్కప్పుడు మట్టి గోడలపై వేయు సిమెంటు పూతయును ఈ దోషమునే కలిగించును.

నేను స్వయముగా చూచిన ఇల్లొకటి చెప్పెదను. అది తాతలనాటి మండువా లోగిలి. ఇంటివారు పెండ్లి సందర్భమున పడమటి గదిలో నాలుగు గోడలకును ప్లాస్టికు పొరగల కాగితము అంటించిరి. వైశాఖమున గది చూడముచ్చటగా నుండెను. శ్రావణ మాసమునకు కాగితపు అతుకులు విచ్చుకొనెను. కార్తికమునకు నేలకు రెండడుగుల ఎత్తువరకు నల్లని చుక్కలు కనబడెను. ఆ గదిలో పరుండు ముసలమ్మగారికి రాత్రులయందు దగ్గు ఎక్కువయ్యెను. కాగితమును లాగి చూడగా వెనుకభాగమంతయు బూజుతో నల్లనై యుండెను. దానితోపాటు పాత సున్నపు పూత కూడ అరచేతుల వెడల్పున ఊడివచ్చినది. అసలు కారణమేమని వెదుకగా, వీధిలో క్రొత్తగా వేసిన సిమెంటు బాట ఇంటి నేలకంటె ఎత్తైనది. వాననీరంతయు ఆ గోడ మొదట నిలుచుచున్నది. కాగితము రోగమును పుట్టింపలేదు. ఉన్న రోగమును కప్పి పెంచినది. గోడవెంబడి నీరు పారుటకు కాలువ తీయించి, ఒక వేసవి యంతయు గోడను ఆరనిచ్చి, మరల సున్నము వేయించిన పిదప ఆ గది వాసయోగ్యమైనది.

కావున గోడకు ఏది వేయవలెనను ప్రశ్నకు ముందు, గోడ పొడిగా నున్నదా యను ప్రశ్న వేసికొనవలెను. దీనికి పెద్ద పరికరము లక్కరలేదు. అడుగున్నర చదరముగల పలుచని ప్లాస్టికు ముక్కను నేలకు సుమారు ఒక అడుగు ఎత్తున గోడపై పరచి, నాలుగంచులను అంటుబట్టీతో గాలి చొరకుండ బిగింపుడు. రెండు దినములైన పిమ్మట చూడుడు. ప్లాస్టికునకు గోడవైపున చెమట పట్టినచో నీరు గోడలోనుండి వచ్చుచున్నది. గదివైపున మాత్రమే పట్టినచో గదిగాలిలోని తేమ ఎక్కువగా నున్నది. కిటికీలు తెరచి గాలి ఆడనీయవలెను. ఈ పరీక్ష వానలు తగ్గిన దినములలో చేయుట మంచిది. వేసవిలో ప్రతి గోడయు పొడిగానే కనబడును.

పరీక్షలో గోడ చెమ్మగా తేలినచో, కాగితమునకు గాని రంగునకు గాని రూపాయి వెచ్చింపకుడు. ఆ ధనముతో చూరు నీరు గోడమీద పడకుండ చేయింపుడు. గోడచుట్టును నేల వెలుపలికి వాలునట్లు మట్టి సర్దింపుడు. గోడకు ఆవలివైపున స్నానపు దొడ్డి యున్నచో దాని నీటిదారి చూడుడు. మిద్దెపై బీటలు పూడ్పింపుడు. ఈ పనులు అతిథులకు కనబడవు. కాని ఇంటిని నిలుపునవి ఇవియే.

మట్టి గోడలకును, గానుగ సున్నపు పాత గోడలకును సున్నమే తగినది. దీనికి కారణము కలదు. సున్నపురాతిని గాని గుల్లలను గాని కాల్చగా వచ్చిన సున్నము నీటిలో విరిగి మెత్తనగును. దానిని గోడకు పూయగా, గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చికొని క్రమముగా మరల రాయిగా మారును. అనగా గోడపై పలుచని రాతిపొర ఏర్పడును. అయినను ఆవిరికి అడ్డు రాదు. సున్నపు క్షారగుణముచే బూజు సులభముగా పెరుగదు. సున్నమును కనీసము ఒక రాత్రి నానబెట్టి, గుడ్డలో వడకట్టి, కొంచెము జిగురు కలిపి, పలుచగా మూడు పూతలు వేయవలెను. ఒక పూత ఆరిన పిదపనే రెండవది. చిక్కగా ఒక్క పూత వేసి చేతులు కడుగుకొను పనివాని సున్నమే బట్టలకు అంటుకొనును. సున్నము విరుచునపుడు అది ఉడికి చిమ్మును. పిల్లలను దగ్గరకు రానీయక, నీటిలో కొద్దికొద్దిగా సున్నమును వేయవలెను. కంట పడినచో చూపునకు అపాయము. తెలుపు చాలదనువారు జాజును గాని, పసుపు మన్నును గాని కలిపి లేతవన్నెలు తెప్పించుకొనవచ్చును.

కరక్కాయ నీరు, బెల్లము కలిపిన సున్నముతో నునుపుచేసిన పాతకాలపు గచ్చు గోడలు కొన్ని ఇండ్లలో నేటికిని అద్దమువలె నున్నవి. వానిని గీకించి కాగితము పెట్టింపవలదని నా ప్రార్థన. అట్టి పని తెలిసిన మేస్త్రీలు నేడు అరుదు. పోయినది మరల రాదు.

ఇక సిమెంటు గోడలు. పరీక్షలో పొడిగా తేలిన లోపలి గోడకు కాగితమును నిరాకరింపవలసిన పని లేదు. క్రొత్త పూత యైనచో రెండు మూడు మాసములు ఆరనీయవలెను. పాత సున్నపు పొరలున్నచో గీకివేయవలెను. లేనిచో కాగితము సున్నమునకు అంటుకొనును గాని, సున్నము గోడను విడిచివచ్చును. గుంటలను లప్పముతో పూడ్చి, చదునుచేసి, ఆరినపిదప అంటింపవలెను. వంటగది, స్నానపు గది, వానజల్లు తగులు గోడ, దీపము పెట్టు గూడు, ఇవి కాగితమునకు తగినవి కావు. చెదలు పట్టు అలవాటుగల గోడ అంతకంటెను తగదు. కాగితము చెదలకు ఆహారము, అది వెనుకనుండి తినుచున్నను మనకు తెలియదు.

పాత నూనెరంగును గీకించువారు మరియొక సంగతి గమనింపవలెను. పూర్వపు నూనెరంగులలో సీసము కలుపుట వాడుక. సీసపు ధూళి పసిపిల్లల బుద్ధివికాసమునకు హాని చేయును. మన దేశమున ఇండ్ల రంగులలో సీసము పదిలక్ష పాళ్లలో 90 పాళ్లకు మించరాదని 2016లో నియమము చేయబడి, 2017 నవంబరు 1వ తేదీ నుండి అమలునకు వచ్చినది. అంతకు పూర్వపు రంగును పొడిగా రాయక, నీటితో తడిపి గీకవలెను. ఆ పని జరుగుచుండగా గర్భిణీలను, పిల్లలను ఇంటినుండి దూరముగా నుంచవలెను.

కాగితమును ఎన్నుకొను విషయమున కొన్ని మాటలు. అంగడిలోని ప్రకాశవంతమైన దీపముల క్రింద చూచి కొనవలదు. తునకను ఇంటికి తెచ్చి, అది అంటింపదలచిన గోడకే ఆనించి, ఉదయమొకసారి, రాత్రి దీపపు వెలుగున నొకసారి చూడుడు. వెలుతురు తక్కువగల గదికి లేతరంగు తగును. చిన్న గదిలో పెద్ద పూవులు గదిని మరింత ఇరుకుగా తోపించును. నిలువు చారలు పొట్టి గోడను ఎత్తుగా చూపును. కాని పాత ఇండ్ల గోడలు తూకపు గుండునకు సరిగా నిలువవు. ఆ వంకరను సున్నము దాచును, చారలు చాటును. గోడ వంకరగా నున్నచో చెదరియున్న చిన్న ఆకులు, తీగలు గల కాగితము మేలు.

లెక్క విషయమున కూడ జాగ్రత్త వలయును. సాధారణముగా దొరకు చుట్ట 21 అంగుళముల వెడల్పు, 33 అడుగుల పొడవు గలది. అనగా సుమారు 57 చదరపుటడుగులు. 12 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తుగల గోడ 120 చదరపుటడుగులు. ఇంచుమించు రెండు చుట్టలు చాలునని తోచును. కాని అది సరికాదు. వెడల్పునకు 7 పట్టీలు కావలెను. పైన, క్రింద కత్తిరింపునకు నాలుగంగుళములు కలుపగా పట్టీ 10 అడుగుల 4 అంగుళములు. ఒక చుట్టలో అట్టివి మూడే వచ్చును. కావున మూడు చుట్టలు వలయును. ఒక పూవు మరల కనబడుటకు 24 అంగుళములు పట్టు పెద్ద అచ్చైనచో, పూవునకు పూవు కలుపుటలో కాగితము వ్యర్థమై చుట్టకు రెండు పట్టీలే వచ్చును. నాలుగు చుట్టలు కావలెను. అన్ని చుట్టలును ఒకే అచ్చుసంఖ్య గలవిగా చూచి ఒకేసారి కొనవలెను. పిమ్మట తెచ్చినది వన్నె కలియకపోవచ్చును. ఇవన్నియు చూచినపిదప, నాలుగు గోడలకు వ్యయపడుటకంటె ఒక్క గోడకు కాగితమును, మిగిలిన మూటికి సున్నమును గాని, ఆవిరిని ఆడనిచ్చు లేతరంగును గాని వేయించుట పొదుపు, కంటికిని హాయి.

పెద్దలకు కడపట ఒక విన్నపము. ఇంటికి క్రొత్తగా వచ్చిన కోడలు గాని, పట్నమునుండి వచ్చిన కుమారుడు గాని గోడను అలంకరింప గోరినపుడు, వారు ఈ ఇంటిని తమదిగా భావించుచున్నారని సంతోషింపవలెను. కేవలము వలదనుటకంటె, వారిచేతనే ఆ ప్లాస్టికు ముక్కను గోడకు అంటింపజేసి, రెండు దినములైన పిదప అందరును కూడి చూచుట మేలు. అప్పుడు తీర్పు చెప్పునది తండ్రియు కాదు, కుమారుడును కాదు; గోడయే చెప్పును. పొడిగోడ దొరకినచో వారి ముచ్చట తీర్పుడు. చెమ్మగోడ యైనచో కాలువ త్రవ్వుటకు వారినే తోడు పిలువుడు. మన పూర్వులు అద్దిన పూలతీగలు సముద్రములు దాటి, పరదేశపు గోడలనెక్కి, నేడు కాగితమై మన వాకిటికి మరల వచ్చినవి. వానిని ఆదరించుటలో తప్పు లేదు. అయితే ఆ గోడ ప్రక్కన పరుండు వృద్ధులయొక్కయు, పసిబిడ్డలయొక్కయు ఊపిరిని ముందు తలచి, అలంకారమును పిదప తలచుట గృహస్థధర్మము.